బోరు నీళ్ల టీ

చిన్నూ, బుజ్జీ, ఆశీస్సులు.

కుళాయి రాని రోజున అమ్మ బోరు నీళ్లతో టీ పెట్టిందనీ, అదే పొడి అయినా ఆ పరిమళం లేదనీ రాశారు. "పొడి పాతదైపోయిందా తాతయ్యా?" అని అడిగారు. పాపం, పొడిని ఏమీ అనకండి.

భూమిలో రాళ్ల మధ్య నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి చేరతాయి. ఈ కాల్షియం ఉంది చూశారూ, పెళ్లింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దాయనలాంటిది. వచ్చినవాళ్లను వచ్చినట్టు చెయ్యి పట్టుకుని కబుర్లలోకి దింపుతాడు. టీ ఆకులోంచి బయలుదేరిన రుచులు కొన్ని ఆయన దగ్గరే ఆగిపోతాయి. ఆగినవాళ్లు గాలి తగిలే చోట గుంపు కడితే, అదే పాలు లేని టీ మీద తేలే పొర. నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి, పెద్దమ్మ వచ్చి ఆయనను భోజనానికి లేవదీసినట్టు పొర చెదిరిపోతుంది. ఇక ఆర్.ఓ. ఫిల్టరు కాల్షియాన్ని కూడా చాలావరకు తీసేస్తుంది కాబట్టి, ఆ నీళ్లలో గుమ్మంలో ఎవరూ ఉండరు. అందరూ ఒక్కసారే పంక్తి మీద పడతారు, వగరు పెరుగుతుంది. కాబట్టి ఆ పెద్దాయన కొంచెం ఉండాలి, కొంచెమే. నీటిలో ఈ కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చెప్పే లెక్కనే కాఠిన్యం అంటారు. అది లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని మన దేశపు తాగునీటి ప్రమాణం.

మా చిన్నప్పుడు సముద్రపు ఒడ్డు వీధుల్లో ఉప్పు బావి వేరు, మంచినీళ్ల బావి వేరు. "ఈ నీళ్లలో కందిపప్పు ఉడుకుతుందా?" అని అడిగాకే మా నాయనమ్మ చేద వేసేది. కాల్షియం పప్పును కూడా బిరుసెక్కిస్తుంది మరి. సబ్బు నురగ రాని బావి దగ్గర బట్టలు కూడా ఉతకనిచ్చేది కాదు.

మన విశాఖ కుళాయిలకు నీళ్లిచ్చే ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ జలాశయాల్లో చేరేది వాన నీరు, రాళ్లలో అంతకాలం నానదు. కుళాయి నీళ్లతో వచ్చే చిక్కల్లా క్లోరిన్ వాసనే. బిందెకు పలుచని గుడ్డ కట్టి రాత్రంతా ఉంచితే చాలావరకు ఎగిరిపోతుంది. అన్నట్టు, ఫిల్టరు వదిలేసే నీళ్లు మోరీలోకి పోనివ్వకండి. బకెట్లో పట్టి ఇల్లు తుడవండి.

టీ పరిమళంలో లినలూల్ అనే పదార్థం ఉంటుంది. మీ పెరటి మల్లెల్లోనూ అదే ఉంటుంది! ఎక్కడో కొండ మీది ఆకుకూ, మన గోడ పక్క పువ్వుకూ ఈ పొత్తు ఏమిటో చూడండి.

ఆదివారం రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో బోరు నీళ్లు, రెండోదానిలో ఫిల్టరు నీళ్లు, పొడి సమానంగా. మరిగే నీళ్లు అమ్మ చేతే పోయించండి. అయిదు నిమిషాలు మూత పెట్టి, మూత తీయగానే వాసన చూడండి. పాలు మాత్రం పోయకండి, తేడాలన్నీ కప్పేస్తాయి.

మీ తాతయ్య