పైనాపిల్ 'క్రాస్' పిట్ట కాదండీ: కోన్యూర్ రంగులపై అపోహలు, వాస్తవాలు

విశాఖలో కోన్యూర్లు, అంటే దక్షిణ అమెరికా చిన్న చిలుకలు, పెంచేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. పిట్టలతో పాటు పేర్లూ పెరిగాయి. గోపాలపట్నంలో నేను వీటిని జతకట్టి పిల్లలు తీస్తుంటాను. అటు గాజువాక నుంచి ఇటు మధురవాడ దాకా ఎవరో ఒకరు ఫొటో పంపి, "అన్నా, ఇది ఏ రకం?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

అపోహ: పైనాపిల్ అంటే గ్రీన్ చీక్‌కూ సన్ కోన్యూర్‌కూ పుట్టిన క్రాస్.

గ్రీన్ చీక్ అంటే ఆకుపచ్చటి చిన్న కోన్యూర్ జాతి, సన్ అంటే పసుపు, నారింజ రంగుల జాతి. ఒంటి మీద పసుపు కనిపించగానే సన్ కలిసిందని తేల్చేస్తారు. పైనాపిల్ అచ్చంగా గ్రీన్ చీకే. సినమన్, ఎల్లో సైడెడ్ అనే రెండు మ్యుటేషన్లు (జన్యువు మారడం వల్ల వచ్చే రంగులు) ఒకే పిట్టలో కలిస్తే పైనాపిల్. సినమన్ వల్ల ఈకల్లోని నలుపు గోధుమరంగులోకి దిగుతుంది. అందుకే తల లేతగా, వీపు నిమ్మకాయ పచ్చగా, కాళ్లు గులాబీగా ఉంటాయి. ఎల్లో సైడెడ్ వల్ల పక్కలకు పసుపు, ఛాతీకి ఎర్రదనం వస్తాయి.

ఛాతీ చూసి మురిసిపోకుండా తోక చూడండి. మామూలు గ్రీన్ చీక్ తోక పైభాగం ముదురు మెరూన్, ఈకంతా దాదాపు ఒకే రంగు. ఎల్లో సైడెడ్ తోక ఈకను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే మెరూన్ పలచబడి, మధ్యకూ అంచుకూ తేడా తెలుస్తుంది. గూటి పెట్టెలోనే పోల్చాలంటే కళ్లు చూడాలి. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో మామూలు పిల్లకు మూసిన రెప్పల వెనక కన్ను నల్లగా, సినమన్ పిల్లకు ఎర్రగా కనిపిస్తుంది.

అపోహ: "ఇది పైనాపిల్‌కు స్ప్లిట్ ఉన్న ఆడపిట్ట, అందుకే రేటెక్కువ."

స్ప్లిట్ అంటే జన్యువు లోపల ఉండీ ఆ రంగు పైకి కనిపించకపోవడం. ఇలా చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే మర్యాదగా లేచి వచ్చేయండి. పక్షుల్లో మగదానికి రెండు జెడ్ క్రోమోజోములు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. సినమన్, ఎల్లో సైడెడ్ జన్యువులు రెండూ జెడ్ మీదే ఉంటాయి. ఆడదానికి ఉన్నదే ఒక జెడ్. దాని మీద ఆ జన్యువు ఉంటే రంగు బయటికి కనిపించి తీరుతుంది, లేకపోతే లేనట్టే. దాచుకోవడానికి చోటే లేదు. మగది మాత్రం లోపల మోస్తూ పైకి మామూలుగా ఉండగలదు. టర్క్వాయిస్ (నీలం కలిసిన ఆకుపచ్చ మ్యుటేషన్) సంగతి వేరు, దాని జన్యువు జెడ్ మీద ఉండదు కాబట్టి ఆడదైనా మగదైనా స్ప్లిట్‌గా మోయవచ్చు.

ఈ లెక్క వల్ల లాభమూ ఉంది. సినమన్ మగదాన్ని మామూలు ఆడదానితో జతకడితే సినమన్‌గా కనిపించే పిల్లలన్నీ ఆడవే, మామూలు రంగు పిల్లలన్నీ మగవే. ఆడా మగా తేల్చే డీఎన్ఏ టెస్టు ఖర్చు మిగులుతుంది. ఇలా రంగుతో తేలని జతల్లో టెస్టు తప్పదు. ఛాతీ ఎర్రగా ఉంటే మగదనే మాటకు ఆధారం లేదు. ఇంకొకటి: సినమన్ మగదాన్ని ఎల్లో సైడెడ్ ఆడదానితో కలిపి మొదటి ఈతలోనే పైనాపిల్ కోసం ఎదురు చూడకండి, రాదు.

అపోహ: రెక్కల మీద ఆకుపచ్చ ఉంటే అది సన్ కాదు, జెండే (సన్‌ను పోలిన మరో కోన్యూర్ జాతి).

సన్ పిల్లలకు రెక్కలూ వీపూ పచ్చగానే ఉంటాయి. పసుపు బాగా తిరగడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆ వయసు దాటాక కూడా వీపు, రెక్కలు పచ్చగానే ఉంటే జెండే అయ్యుండాలి. పసుపూ పచ్చా కలగాపులగంగా మిగిలితే రెండింటి క్రాస్ అని అనుమానించాలి. అడవిలో సన్ ఉండేది గయానా, ఉత్తర బ్రెజిల్ వైపు, జెండే ఈశాన్య బ్రెజిల్‌లో. పంజరంలో కలిపితే మాత్రం పిల్లలు పుడతాయి, వాటికీ పిల్లలు పుడతాయి. రెండు మూడు తరాలు సన్‌తోనే కలిపాక కంటితో తేల్చడం నా వల్ల కూడా కాదు. తల్లిదండ్రుల్ని చూపించమని అడగడమే దారి. పెంచుకోవడానికి క్రాస్ పిట్ట అయితే తప్పేమీ లేదు, దాన్ని అసలు సన్ అని అమ్మడమే తప్పు.

అపోహ: క్యారెట్, బీట్‌రూట్ పెడితే ఎరుపు పెరుగుతుంది.

కెనరీలకు ఆ మాట కొంత చెల్లుతుంది. చిలుక జాతుల్లో ఎరుపు, పసుపు వర్ణకాలను ఒళ్లే తయారు చేసుకుంటుంది, తిండిలోంచి తీసుకోదు. క్యారెట్ మంచిదే, పెట్టండి, రంగు కోసం కాదు.

అపోహ: పచ్చ పిట్టకు మధ్యలో పసుపు ఈకలొస్తే కొత్త మ్యుటేషన్.

పీక్కున్న చోట తిరిగి మొలిచిన ఈక కావచ్చు, పోషకాల లోపమో కాలేయం జబ్బో కావచ్చు. పేరు పెట్టే ముందు పక్షుల డాక్టరుకు చూపించండి. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటో చూసి టర్క్వాయిస్ అనుకునేవాళ్లూ ఉన్నారు. పొద్దున బాల్కనీ నీడలో, ఫిల్టర్ లేకుండా, వీపు, ఛాతీ, తోక విడివిడిగా తీసి పంపితే చాలు.

అపోహ: మ్యుటేషన్ పిట్టలు ఇక్కడే పుట్టాయి కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

కోన్యూర్లన్నీ సైటిస్ (ముప్పున్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్నాయి. 2024లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి పక్షుల్ని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి, మన ఇంట్లో పుట్టిన పిల్లల్ని కూడా. అక్కడ రాయాల్సింది జాతి పేరు. పైనాపిల్ అయినా, టర్క్వాయిస్ అయినా, సినమన్ అయినా రాసేది గ్రీన్ చీక్ శాస్త్రీయ నామమైన పైరూరా మోలినే అనే.