వెస్ట్‌లేక్ గురించి పిల్లలకు

చిరంజీవులకు,

దొంగల కథలంటే మీరు చెవి కోసుకుంటారని తెలుసు, అందుకే నాకెంతో ఇష్టమైన అమెరికన్ రచయిత డొనాల్డ్ వెస్ట్‌లేక్ గురించి రాస్తున్నాను. 1933లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు, 2008 డిసెంబర్ 31న పోయాడు, ఈ మధ్యలో వందకు పైగా పుస్తకాలు రాశాడు, అదీ కంప్యూటర్ ముట్టకుండా టైప్‌రైటర్ మీదే.

ఒకే పేరుతో ఏడాదికి అన్నేసి పుస్తకాలు వేయడానికి ప్రచురణకర్తలు ఒప్పుకోరు కదా, అందుకని మారుపేర్లు పెట్టుకున్నాడు. రిచర్డ్ స్టార్క్ పేరుతో 1962లో వచ్చిన 'ది హంటర్'లో పార్కర్ అనే దొంగ ఉంటాడు. మొదటి వాక్యంలోనే ఎవరో కారాపి ఎక్కించుకుంటానంటే ఛీపొమ్మని నడుచుకుంటూ పోతాడు, అంతే, మనిషి ఎలాంటివాడో మనకు తెలిసిపోయింది! మొదట రాసినప్పుడు చివర్లో పార్కర్ దొరికిపోయాడట, ఎడిటర్ చదివి వీణ్ణి తప్పించు, ఇంకా రాయొచ్చు అన్నాడు. అలా మొత్తం 24 నవలలయ్యాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది తర్వాతి సంగతి. ఒకే వస్తువును పార్కర్ మళ్లీ మళ్లీ దొంగిలించాల్సి వస్తే ఎలా ఉంటుందని ఒక నవల మొదలుపెట్టాడు, కానీ ఎంత సీరియస్‌గా రాద్దామన్నా నవ్వొస్తోంది, నవ్వులపాలైతే పార్కర్ ఇక పార్కర్ కాడు. కొన్నాళ్లు పక్కన పెట్టేసి, తర్వాత డార్ట్‌మండర్ అనే కొత్త దొంగను పుట్టించి ఆ కథ వాడికిచ్చాడు. పాపం డార్ట్‌మండర్ తెలివైనవాడే, ప్లాన్లూ మంచివే, అదృష్టమే ఉండదు. అదే 1970 నాటి 'ది హాట్ రాక్'.

సినిమాలకూ రాశాడు. జిమ్ థాంప్సన్ నవల 'ది గ్రిఫ్టర్స్'ని తెరకు రాయమంటే మరీ దిగులుగా ఉందని ముందు వద్దన్నాడు. ఇది కొడుకు కథ కాదు, ఎలాగైనా బతకాలనుకునే తల్లి కథ అనుకుని చూడమని దర్శకుడు స్టీఫెన్ ఫ్రియర్స్ చెప్పాక ఒప్పుకున్నాడు. 1990లో వచ్చిన ఆ సినిమా స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కథ అదే, ఎవరి వైపు నిలబడి చెబుతున్నామన్నది మారిందంతే!

ముందు డార్ట్‌మండర్‌తో మొదలుపెట్టండి. పార్కర్ పుస్తకాల్లో రక్తపాతం ఎక్కువ, అవి ఇంకాస్త పెద్దయ్యాక చదువుదురుగాని.

ప్రేమతో,
మీ తాతయ్య