పలాస బోర్మాలకు కరెంటు ఎందుకు ఎక్కలేదు?

పలాస-కాశీబుగ్గ జీడి యూనిట్లలో కరెంటు బోర్మాల (జీడిపప్పును వేడిగాలితో ఆరబెట్టే గదుల) మాట మళ్లీ వచ్చింది. కేంద్రం 2025 జూలైలో మొదలుపెట్టిన ‘అదీతీ’ పథకంలో ఇంధనం ఆదా చేసే యంత్రాలకు తీసుకున్న రుణం మీద సూక్ష్మ, చిన్న యూనిట్లకు 5 శాతం, మధ్యతరహా యూనిట్లకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. ఎంపిక చేసిన 14 రంగాల్లో ఆహారశుద్ధి ఒకటి. ఇంత ఇస్తున్నా కదలరేమంటే, యజమానులకు అవగాహన లేదనేది యంత్రాలు అమ్మేవాళ్ల మాట. అధికారుల మాటా దాదాపు అదే.

అవగాహన సంగతి తర్వాత. ముందు 2022 ఏప్రిల్ గుర్తు చేసుకోవాలి.

ఉద్దానంలో జీడిపిక్కలు రాలే కాలం అది. ఆ నెల 8 నుంచి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. నిరంతరం నడిచేవి సగం లోడే వాడాలన్నారు, మిగతావాటిని వారాంతపు సెలవు కాక ఇంకో రోజు మూసుకోమన్నారు. అదే నెలలో యూనిట్‌కు 6 పైసలున్న విద్యుత్ సుంకం పరిశ్రమలకు, వాణిజ్య కనెక్షన్లకు రూపాయి అయింది. అంతకు మూడున్నరేళ్ల ముందు, 2018 అక్టోబర్ 11న, తిత్లీ తుఫాను ఈ తీరాన్నే తాకింది. స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. తుఫాను చేతిలో లేదని సరిపెట్టుకున్నవాళ్లు, సీజన్ మధ్యలో వచ్చిన కోతను మాత్రం మరిచిపోలేదు.

బోర్మా పని తెలిస్తే ఆ భయం అర్థమవుతుంది. ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి, కోసిన పిక్కలోంచి తీసిన పప్పును పొట్టుతోనే ట్రేలలో పేర్చి 65-70 డిగ్రీల దగ్గర ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచాలి. పై ట్రేలు ముందు ఆరిపోతాయి కాబట్టి మధ్యలో మార్చుతుండాలి. 80 దాటితే పప్పు రంగు తిరుగుతుంది. మూడో గంటలో వేడి ఆగిపోతే పొట్టు మళ్లీ చెమ్మ పీల్చి పప్పుకు అతుక్కుంటుంది. దాన్ని చాకుతో గీకాల్సి వస్తుంది, గుండు (విరగని పప్పు) బద్దవుతుంది. గుండుకీ బద్దకీ ఉన్న ధర తేడాయే ఈ వ్యాపారంలో లాభం.

బాయిలర్ ఆవిరితో వేడెక్కే ఇప్పటి బోర్మాకు కరెంటు కావాల్సింది గాలి తోలే బ్లోయర్‌కే. దాన్ని చిన్న జనరేటర్‌తో లాగించవచ్చు. అదే 30 కిలోవాట్ల హీటర్లయితే కరెంటు పోయినప్పుడు డీజిల్ మీద ఒక్కో యూనిట్ కరెంటు పాతిక రూపాయలు దాటుతుంది. నడిపినా నడపకపోయినా ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) పరిశ్రమలకు కిలోవాట్‌కు నెలకు 75 రూపాయల చొప్పున స్థిర ఛార్జీ 2,250 పడుతుంది. ఇప్పటికే లోడు అంచున ఉన్న యూనిట్‌ను ఈ 30 కిలోవాట్లు హెచ్‌టీ (ఎక్కువ వోల్టేజీ) కనెక్షన్‌లోకి నెట్టవచ్చు. అప్పుడు సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా యజమానిదే. వడ్డీ రాయితీ లెక్కల్లో ఇవేవీ కనిపించవు.

ఇక బాయిలర్‌లో కాల్చే పిక్క తొక్క. 80 కిలోల పిక్కల బస్తాకు యాభై కిలోల పైనే తొక్క వస్తుంది. కిలోకు సుమారు 4,500 కిలోకేలరీలు. బాయిలర్ 60 శాతం సామర్థ్యంతో నడిస్తే కిలో తొక్క మూడు యూనిట్లకు పైగా వేడినిస్తుంది. అలాగని తొక్క ఊరికే వచ్చేది కాదు, నూనె మిల్లువాళ్లు కొంటారు. కిలో పది రూపాయలు పలికినప్పుడు దాన్ని పొయ్యిలో వేస్తే యూనిట్ వేడి రూ.3.20 పడినట్టే. కరెంటు యూనిట్ 6.70 రేటుకు ఆ రూపాయి సుంకం కలిపితే హీటర్ వేడి రూ.7.70. యూనిట్ కరెంటుకు గాలిలోంచి రెండున్నర యూనిట్ల వేడి లాగే హీట్ పంపు అయితే రూ.3.10. అంటే హీటర్ బోర్మా ఏ లెక్కనా గిట్టదు. హీట్ పంపు గిట్టుబాటు తొక్క ధరను బట్టి ఉంటుంది. యజమానులు పైకి లెక్క చెప్పకపోవచ్చు గానీ, వాళ్లు ఆగింది సరిగ్గా ఇక్కడే.

హీట్ పంపుకూ హద్దుంది. 60 డిగ్రీలు దాటేకొద్దీ దాని సామర్థ్యం పడిపోతుంది. మామూలు నీళ్ల హీటర్ రకం 70కి చేరదు, అది అంటగట్టబోతే వద్దనాలి. చెమ్మ ఎక్కువగా పోయే మొదటి మూడు, నాలుగు గంటలు హీట్ పంపుతో 55 దగ్గర నడిపి, చివరి గంటలకు పాత ఆవిరి కాయిల్‌కు (బాయిలర్ ఆవిరితో వేడెక్కే గొట్టాలకు) మళ్లించడం మేలు. పాత కాయిల్ పీకేయకూడదు. కరెంటు పోయిన రోజు సరుకును కాపాడేది అదే.

ప్యాకింగ్ గది చల్లదనం మీద మాత్రం తగాదా లేదు. తీరపు గాలికి ఆరిన పప్పు చెమ్మ పడుతుంది కాబట్టి ఏసీ తప్పదు. రేకుల కింద సీలింగ్ వేయకుండా, తలుపు సందులు మూయకుండా పెద్ద ఏసీ బిగిస్తే బిల్లే మిగులుతుంది.

పథకంలో ఒక మెలిక ఉంది. కనీసం 10 శాతం ఇంధన ఆదా చూపించాలి. దేంతో పోల్చి? తొక్కకు బిల్లుండదు, చాలా చోట్ల తూకమూ ఉండదు. ఇంధన వాడకం లెక్కగట్టే ఆడిట్‌వాళ్లు వచ్చేలోపు కనీసం రెండు వారాలు రోజూ బాయిలర్‌లో వేసిన తొక్కను తూచి రాయాలి. దాని పక్కనే బోర్మాలోకి పెట్టిన పప్పు బరువు, తీసిన పప్పు బరువు, బ్లోయర్ మోటారుకు విడిగా పెట్టిన మీటరు రీడింగు ఉండాలి. ఇవి లేని యూనిట్‌లో ఆడిట్ కరెంటు బిల్లునే చూస్తుంది. హీట్ పంపు పెట్టాక ఆ బిల్లు పెరుగుతుందే గానీ తగ్గదు.