స్కిజోఫ్రీనియా రక్తంలో కనిపిస్తుందా?

షుగర్ ఉన్నవాళ్లకి హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఉంది. గడిచిన రెండు మూడు నెలల్లో జబ్బు ఎలా నడిచిందో ఒక్క అంకెలో చెప్పేస్తుంది. లేని మాటలు వినిపించే, భ్రమలు కలిగించే మానసిక జబ్బు స్కిజోఫ్రీనియాకి అలాంటిది లేదా అని పేషెంట్ల ఇంట్లోవాళ్లు అడుగుతుంటారు. ఆ ప్రశ్న వెనక ఎంత బాధ ఉందో! "గాలి సోకింది, తాయత్తు కట్టించండి" అనే చుట్టాలకి చూపించడానికి ఒక ల్యాబ్ రిపోర్టు ఉంటే ఎంత బాగుండును.

జబ్బు నడకను చెప్పే నమ్మకమైన రక్తపరీక్ష ఇంకా రాలేదు. ఎందుకింత కష్టమో తెలియాలంటే 1957లో స్వీడన్ శాస్త్రవేత్త స్టిగ్ ఓకర్‌ఫెల్ట్ ప్రకటించిన పరీక్షను చూడాలి. రోగుల సీరమ్‌లో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో, డైమిథైల్ పారాఫినిలిన్‌డయమీన్ అనే రసాయనం కలిపితే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సీరమ్‌లో కంటే త్వరగా ఎర్రరంగు వచ్చింది. ఆ రంగు తెప్పించేది సెరులోప్లాస్మిన్, అంటే రక్తంలో రాగిని మోసే ప్రొటీన్. అది రసాయనాన్ని ఆక్సీకరిస్తుంది.

కానీ సీరమ్‌లో విటమిన్ సి కూడా ఉంటుంది. ఆక్సీకరణం చెందినదాన్ని అది వెంటనే పాత రూపానికి తెచ్చేస్తుంది. ఒకరు ముగ్గు వేస్తూ పోతుంటే వెనకే ఇంకొకరు చెరిపేస్తున్నట్టు. చెరిపేవాళ్లు అలిసిపోయేదాకా, అంటే విటమిన్ సి అంతా ఖర్చయ్యేదాకా, వాకిట్లో ముగ్గు కనపడదు. కాబట్టి ముగ్గు త్వరగా తేలిందంటే వేసే చెయ్యి చురుకైనదైనా కావచ్చు, చెరిపే చెయ్యి బలహీనమైనదైనా కావచ్చు. బయటినుంచి చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి. ఏళ్లతరబడి ఆస్పత్రి తిండి మీద బతికిన రోగుల్లో విటమిన్ సి తక్కువగా ఉంది. చెరిపే చెయ్యి లేదన్నమాట! ఇక వేసే చెయ్యి సంగతి చూస్తే, గర్భిణుల్లో, ఇన్‌ఫెక్షన్ సోకినవాళ్లలో కూడా సెరులోప్లాస్మిన్ పెరుగుతుంది. 1959లో అమెరికాలో సీమోర్ కెటీ అనే శాస్త్రవేత్త ఈ పరిశోధనలన్నీ జల్లెడపట్టి, తేడాకి మూలం చాలావరకు తిండిలో ఉందని చూపించాడు.

బడిలో విటమిన్ సి పాఠం అది లోపిస్తే వచ్చే స్కర్వీ జబ్బు దగ్గరే ఆగిపోతుంది. గంజిలో కాస్త నిమ్మరసం పిండి, టింక్చర్ అయోడిన్ చుక్కలుగా వేయిస్తే పిల్లలు ఇదే సూత్రాన్ని కళ్లారా చూస్తారు. విటమిన్ సి అయిపోయేదాకా నీలిరంగు నిలవదు.

ఇవాళ్టి పరిశోధనలకీ ఇదే చిక్కు: అంకె మారింది జబ్బువల్లా, ఇంకేదైనా కారణంవల్లా అన్నది తేలదు. ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు సంకేతం జబ్బు తిరగబెట్టినప్పుడు పెరిగి, మందులతో తగ్గుతున్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. నాకు బాగా ఆశ కలిగించేది ఇదే. అయితే ఒంట్లోని కొవ్వు కూడా దాన్ని తయారుచేస్తుంది. ఈ జబ్బుకి ఇచ్చే ఓలాంజపిన్ లాంటి మందులు బరువు పెంచుతాయి. పొగతాగడం సరేసరి. మెదడు కణాల ఎదుగుదలకి తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే మరో ప్రొటీన్ ప్లేట్‌లెట్లలో దాగి ఉండి, రక్తం గడ్డకట్టేటప్పుడు బయటికొస్తుంది. అందుకే ఒకే మనిషి రక్తంలో సీరమ్ తీసి కొలిస్తే ఒక అంకె, ప్లాస్మాలో, అంటే గడ్డకట్టనివ్వకుండా తీసిన ద్రవంలో, కొలిస్తే అంతకంటే చాలా చిన్న అంకె వస్తాయి. గుంపుల సగటులు పోల్చడం కంటే, ఒకే మనిషి రక్తాన్ని అదే వేళకి, అదే పద్ధతిలో, బరువు, సిగరెట్లు కూడా రాసుకుంటూ ఏళ్లపాటు కొలవడం మీద నాకు నమ్మకం.

జబ్బుని కొలవలేకపోయినా మందుని కొలవగలం. మొండి స్కిజోఫ్రీనియాకి ఇచ్చే క్లోజాపిన్ రక్తంలో మిల్లీలీటరుకు కనీసం 350 నానోగ్రాములుంటే పనిచేసే అవకాశం ఎక్కువ. చివరి డోసు వేసుకున్న 12 గంటలకి రక్తం తీస్తారు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వాటినీ లెక్కపెడుతుంటారు. పొగలోని రసాయనాలు ఈ మందుని కరిగించే లివర్ ఎంజైమ్‌ని రెచ్చగొడతాయి. అందువల్ల సిగరెట్ మానేసిన కొద్దిరోజుల్లోనే అదే డోసుకి రక్తంలో మందు బాగా పెరిగిపోతుంది. మానడం మంచిదే, మానాలి కూడా. కాకపోతే ఆ సంగతి ముందుగానే డాక్టరుకి చెప్పాలి, డోసు మార్చాల్సి రావచ్చు.