రూబేను పోగొట్టుకున్న జ్యేష్ఠత్వం: యాకోబు వంశంలో అది ఎవరెవరికి చేరింది?

బైబిల్లో పన్నెండు గోత్రాల పేర్లు వెతికితే అన్నిచోట్లా ఒకే జాబితా దొరకదు. ఆదికాండము 49లో లేవి ఉన్నాడు, యోసేపు ఉన్నాడు. సంఖ్యాకాండము 1లో యుద్ధానికి పనికొచ్చే మగవాళ్లను లెక్కించినప్పుడు లేవి లేడు. యోసేపు బదులు అతని కొడుకులు ఎఫ్రాయిము, మనష్షే వచ్చారు. ద్వితీయోపదేశకాండము 33లో మోషే పలికిన దీవెనల్లో షిమ్యోను ఊసే లేదు. ప్రకటన గ్రంథం 7లో దాను మాయమై, లేవి తిరిగొచ్చి, మనష్షేతో పాటు యోసేపు కూడా కనిపిస్తాడు. ఎవరిని చేర్చినా ఎవరిని తీసినా లెక్కను పన్నెండు దగ్గరే నిలపాలని చూశారు. ఈ సర్దుబాట్లలో చాలావాటి వెనక ఉన్నది ఒకటే సంగతి: యాకోబు పెద్దకొడుకు రూబేను జ్యేష్ఠత్వపు హక్కు పోగొట్టుకోవడం, అది ముక్కలై తమ్ముళ్లకు చేరడం.

యాకోబు కొడుకులు నలుగురు తల్లుల బిడ్డలు. లేయాకు రూబేను, షిమ్యోను, లేవి, యూదా, ఇశ్శాఖారు, జెబూలూను. రాహేలు దాసి బిల్హాకు దాను, నఫ్తాలి. లేయా దాసి జిల్పాకు గాదు, ఆషేరు. రాహేలుకు యోసేపు, బెన్యామీను.

ఇద్దరు భార్యలున్నవాడు ఇష్టమైన భార్య కొడుకును జ్యేష్ఠుణ్ని చేయకూడదనీ, ఇష్టంలేని భార్యకు పుట్టినా సరే మొదటివాడికే రెండు పాళ్లు ఇవ్వాలనీ ద్వితీయోపదేశకాండము 21:15–17 శాసిస్తుంది. ఆ కొలతతో చూస్తే లేయా కొడుకును దాటవేసి రాహేలు కొడుక్కి రెండు పాళ్లు ఇచ్చిన యాకోబు తప్పులో పడతాడు. ఈ చిక్కు మొదటి దినవృత్తాంతములు రాసినవారికి తెలియకుండా ఉండదు. అందుకే 5:1–2లో కారణం విడమరిచి చెప్పారు: రూబేను తండ్రి పడకను అపవిత్రం చేశాడు (బిల్హాతో శయనించాడు, ఆదికాండము 35:22) కనుక జ్యేష్ఠత్వం యోసేపు కొడుకులకు పోయింది, ఏలిక మాత్రం యూదా నుంచి వచ్చింది. అంటే హక్కు పోయింది తండ్రి పక్షపాతం వల్ల కాదు, కొడుకు నేరం వల్ల. ఆదికాండము 49:3కు ఒన్కెలోసు అరామిక్ అనువాదం ఇంకో అడుగు ముందుకేసి, రూబేనుకు మూడు పాళ్లు రావలసిందని లెక్క తేల్చింది: జ్యేష్ఠత్వం, యాజకత్వం, రాజ్యం.

మొదటి పాలు యోసేపుది. ఆదికాండము 48లో యాకోబు మనవలిద్దరినీ రూబేను, షిమ్యోనులతో సమానంగా తన కొడుకులుగా స్వీకరించాడు. పైగా చేతులు అడ్డంగా మార్చి, కుడిచెయ్యి చిన్నవాడు ఎఫ్రాయిము తలమీద పెట్టాడు. ఒక్క కొడుకు రెండు గోత్రాలయ్యాడు కాబట్టి భూమి పంపకంలో పదమూడు వాటాలు తేలాలి. లేవికి భూమి లేకపోవడంతో పన్నెండు సరిపోయాయి. అంత దక్కినా యోసేపు సంతతివారు తమకు ఒక్క వంతే వచ్చిందని యెహోషువ దగ్గర సణిగారు (యెహోషువ 17:14). మొదటి జనగణనలో ఎఫ్రాయిము 40,500, మనష్షే 32,200. రెండూ కలిపినా 72,700. యూదా గోత్రం ఒక్కటే 74,600.

యాజకత్వం దక్కిన లేవి సంగతి ఇంకా చిత్రం. షెకెము పట్టణపు మగవాళ్లను ఊచకోత కోసినందుకు షిమ్యోనునూ లేవినీ యాకోబు ఒకే మాటతో శపించాడు: మిమ్మల్ని ఇశ్రాయేలులో చెదరగొడతాను. షిమ్యోను యూదా భూభాగం లోపల కొన్ని ఊళ్లకు పరిమితమైంది. లేవి కూడా చెదిరింది, కానీ 48 పట్టణాల్లో, యాజక సేవతో. ప్రజలు బంగారు దూడను పూజించిన సమయంలో లేవీయులు మోషే పక్కన నిలబడటమే దీనికి కారణమని నిర్గమకాండము 32 సూచిస్తుంది. సంఖ్యాకాండము 3లో దీని లావాదేవీ పైసాతో సహా ఉంది. ప్రతి ఇంటి తొలిచూలు మగబిడ్డకు బదులు ఒక లేవీయుడు. నెల దాటిన తొలిచూలు మగవాళ్లు 22,273, లేవీయులు 22,000. మిగిలిన 273 మందికి తలా ఐదు తులాల (హీబ్రూలో షెకెలు, మన తులం కాదు) వెండి, మొత్తం 1,365. అయితే గెర్షోను 7,500, కహాతు 8,600, మెరారి 6,200 కూడితే 22,300 వస్తుంది. ఆ 300 మంది తామే తొలిచూలు బిడ్డలు కనుక ఇంకొకరికి బదులు నిలవలేరని తాల్ముదు (యూదు రబ్బీల చర్చల సంకలనం) వివరణ. కహాతు సంఖ్య 8,300 అయివుండాలి, హీబ్రూలో ఒక్క అక్షరం జారిపోయింది అంటారు ఆధునిక పండితులు. రెండోదే నమ్మదగినట్టుంది.

ఆ ఐదు తులాల లెక్క యూదుల ఇళ్లలో ఇప్పటికీ నడుస్తోంది. బిడ్డ పుట్టిన 31వ రోజున తండ్రి అహరోను వంశపు యాజకుడికి సుమారు 100 గ్రాముల వెండి నాణేలు ఇచ్చి కొడుకును విడిపించుకుంటాడు. బిడ్డ తల్లికి మొదటి కాన్పు అయివుండాలి. సిజేరియన్ అయితే ఈ తంతు లేదు. తండ్రిగానీ తల్లి తండ్రిగానీ లేవి గోత్రం వాడైతే అసలే అక్కర్లేదు.

రాజ్యం నాలుగోవాడైన యూదాకు దక్కింది. అక్కణ్ణుంచి తామారు కన్న పెరెసు మొదలు దావీదు వరకు రూతు 4:18–22 పది పేర్లు ఇస్తుంది. ఇక్కడే లెక్కలు వేసేవాళ్లు తరచూ బోల్తా పడతారు. మొదటి రాజులు 6:1 ప్రకారం ఐగుప్తు విడిచినప్పటి నుంచి సొలొమోను ఆలయ నిర్మాణం దాకా 480 ఏళ్లు. నయస్సోను అరణ్యంలో యూదా గోత్రానికి నాయకుడు. అతని తర్వాత దావీదు దాకా ఉన్నవి శల్మాను, బోయజు, ఓబేదు, యెష్షయి పేర్లే. మధ్య తరాలను వదిలేయడం ఆనాటి వంశావళుల పద్ధతి, ఏళ్లు లెక్కగట్టడానికి అవి పనికిరావు. యేసు వంశావళి రాసిన మత్తయి కూడా అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను దాటేసి 14 చొప్పున మూడు వరుసలు కట్టాడు. హీబ్రూలో దావీదు పేరులోని అక్షరాల విలువ 4+6+4, అంటే 14. మొత్తం 42 అని బోధల్లో వింటాం గానీ పేర్లు లెక్కపెడితే 41 ఉంటాయి. యెకొన్యాను రెండుసార్లు లెక్కిస్తే తప్ప మూడో వరుస నిండదు. ఆ యెకొన్యా సంతానంలో ఎవడూ దావీదు సింహాసనమెక్కడని యిర్మీయా 22:30 అంటుంది. యేసు వంశావళినే ఇచ్చిన లూకా సొలొమోనును వదిలి దావీదు మరో కొడుకు నాతాను మీదుగా వెళ్తాడు. లూకాది మరియ వంశావళి అనే వాదన బాగా ప్రచారంలో ఉంది. వాక్యంలో మాత్రం మరియ భర్త యోసేపు హేలీ కొడుకనే ఉంది. మూడో శతాబ్దంలో జూలియస్ ఆఫ్రికానస్ దీన్ని దేవరన్యాయంతో (బిడ్డలు లేకుండా చనిపోయినవాడి భార్యను అతని సోదరుడు పెళ్లాడి అతని పేరు నిలిపే ఆచారం) వివరించాడు: ఒకరు కన్న తండ్రి, మరొకరు చట్టం ప్రకారం తండ్రి.

హక్కు ఇలా చీలడం తర్వాతి చరిత్రలో అడుగడుగునా పైకొచ్చింది. సొలొమోను తర్వాత ఉత్తరాన ఎఫ్రాయిమీయుడైన యరొబాము, దక్షిణాన యూదా వంశపు రెహబాము వేర్వేరుగా ఏలారు. ఉత్తర రాజ్యం క్రీ.పూ. 722లో అష్షూరు చేతిలో, యెరూషలేము 586లో బబులోను చేతిలో పడిపోయాయి. మృత సముద్రం దగ్గర దొరికిన కుమ్రాను చుట్టల్లో అహరోను వంశపు అభిషిక్తుడు, ఇశ్రాయేలు అభిషిక్తుడు అని ఇద్దరు కనిపిస్తారు. తాల్ముదులో యోసేపు కుమారుడైన మెస్సీయ, దావీదు కుమారుడైన మెస్సీయ ఉన్నారు. హెబ్రీ పత్రిక రాసినవారికి ఇదే అడ్డంకి: యేసు యూదా వంశీయుడు, ఆ గోత్రం గురించి మోషే యాజకత్వం మాట ఎత్తలేదు (7:14). అందుకే లేవి కంటే ముందున్న, అబ్రాహాము కాలపు యాజకుడైన మెల్కీసెదెకు దాకా వెనక్కి వెళ్లి వాదించారు.

గోత్ర వారసత్వం చెప్పుకునేవారు ఇప్పుడూ ఉన్నారు. గెరిజీము కొండ మీది సమరయులు తమను ఎఫ్రాయిము, మనష్షే, లేవి సంతతిగా చెప్పుకుంటారు. మణిపూర్, మిజోరంలలోని బ్నే మెనాషెలది మనష్షే గోత్రమన్న వాదన. 2005లో ఇజ్రాయెల్ సెఫార్దీ (స్పెయిన్ మూలాల సంప్రదాయపు యూదుల) ప్రధాన రబ్బీ వారిని ఇశ్రాయేలు సంతతిగా గుర్తించారు. అయినా వలస వెళ్లేవారు మతస్వీకార ప్రక్రియ పూర్తి చేయాల్సిందే. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిము కుటుంబాలు సబ్బాతు పాటిస్తూ తాము ఎఫ్రాయిము వారసులమంటారు. వారికి అలాంటి అధికారిక గుర్తింపు దక్కలేదు.