వెబ్‌ఫింగర్ పెట్టుకుంటే ఫాలోవర్లు మన డొమైన్‌కి వచ్చేసినట్టేనా?

"మా మాస్టడాన్ సర్వర్ మూసేస్తున్నారండీ. నాకు టెన్షన్ లేదు, నా డొమైన్‌కి వెబ్‌ఫింగర్ పెట్టుకున్నాను."

సొంత సైట్లను సోషల్ మీడియాకి కలిపిపెట్టే పనిలో ఈ మాట విన్న ప్రతిసారీ టెన్షన్ నాకు మొదలవుతుంది. మాస్టడాన్ అంటే ఎవరెవరో నడిపే వేర్వేరు సర్వర్లు కలిసి పనిచేసే సోషల్ నెట్‌వర్క్. వెబ్‌ఫింగర్ అంటే ఫలానా పేరున్న అకౌంటు ఎక్కడుందో అడిగినవాళ్ళకి చెప్పే పద్ధతి, దానికోసం సైటులో ఓ చిన్న ఫైలు పెడతారు.

అపోహ: వెబ్‌ఫింగర్ ఫైలు సైటులో ఉంటే అకౌంటు మన డొమైన్‌దే.

వాస్తవం: కాదు. అది దారి చూపించే బోర్డు మాత్రమే. మీ డొమైన్ పేరుతో ఎవరైనా వెతికితే, "ఈయన ఫలానా సర్వర్‌లో ఉన్నారు" అని చెప్పి పంపిస్తుంది. ఫాలో నొక్కగానే అవతలి సర్వర్ రాసిపెట్టుకునేది వాళ్ళు టైప్ చేసిన పేరు కాదు, ఆ సర్వర్‌లోని మీ అకౌంటు యూఆర్ఎల్. అనుమానముంటే వేరే సర్వర్ నుంచి మీ డొమైన్ పేరుతో వెతికి చూడండి. ప్రొఫైల్ తెరుచుకున్నాక పేరు కింద కనిపించేది సర్వర్ అడ్రసే.

ఇంత గట్టిగా చెబుతున్నానంటే నేనూ దెబ్బ తిన్నవాణ్ణే. నేనున్న సర్వర్ ఓ రోజు చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. కంగారేం పడలేదు. కొత్తచోట అకౌంటు తెరిచి, ఫైలులో అడ్రసు మార్చి, ఫాలోవర్ల కోసం కూర్చున్నాను. సున్నా. మర్నాడూ సున్నానే. సైటులో ఫైలు మారిందని వాళ్ళ సర్వర్లకు ఎవరు చెబుతారు?

చెప్పాల్సింది పాత సర్వరే, అదీ బతికుండగా. కాబట్టి మూసివేత నోటీసు వచ్చినవాళ్ళు భయపడకండి, ఇంకా టైముంది. కొత్త అకౌంటు సెట్టింగుల్లో పాతదాన్ని అలియాస్‌గా, అంటే 'అదీ నాదే' అని, చేర్చండి. తర్వాత పాత అకౌంటులోకి వెళ్ళి తరలింపు నొక్కండి. ఫాలోవర్లు చాలావరకు వచ్చేస్తారు, పోస్టులు మాత్రం రావు. ఒకసారి తరలిస్తే 30 రోజుల దాకా మళ్ళీ కుదరదు, అందుకని చోటు చూసుకుని వెళ్ళండి. వెబ్‌ఫింగర్ ఫైలు చివర్లో మార్చుకోవచ్చు.

అకౌంటు నిజంగానే డొమైన్ మీద ఉండాలంటే సైటే యాక్టివిటీపబ్, అంటే ఈ సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష, మాట్లాడాలి. వర్డ్‌ప్రెస్‌కి ప్లగిన్ ఉంది. ఏ ప్రోగ్రామూ లేకుండా ఉన్నవి ఉన్నట్టు చూపించే వట్టి స్టాటిక్ ఫైళ్ళతో మాత్రం పని జరగదు. వచ్చే ఫాలో రిక్వెస్టును అందుకోవడానికి అవతల ఏదో ఒక ప్రోగ్రాం నడుస్తుండాలి.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. ప్రొఫైల్‌లో మీ సైటు లింకు పచ్చగా మారితే మాస్టడాన్ మిమ్మల్ని ప్రముఖులుగా గుర్తించినట్టు కాదు. ఆ పేజీలో మీ ప్రొఫైల్‌కి రెల్-మీ లింకు, అంటే 'ఇది నేనే' అని చెప్పే rel="me" గుర్తున్న లింకు, ఉందని అర్థం, అంతే. ఆ లింకును జావాస్క్రిప్ట్‌తో పెడితే సర్వర్‌కి కనబడదు. పేజీ హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంచి, ప్రొఫైల్‌ని ఇంకోసారి సేవ్ చేయండి.

ఇక బ్లూస్కై అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్ సంగతి. "బ్లూస్కైలో హ్యాండిల్‌ని (యూజర్ పేరుని) డొమైన్‌గా మారిస్తే ఫాలోవర్లు పోతారట" అనేది మాత్రం వట్టి పుకారు. అక్కడ ఫాలోవర్లు అతుక్కుని ఉండేది హ్యాండిల్‌కి కాదు, డీఐడీ అనే మారని అకౌంటు గుర్తింపుకి. మీ డొమైన్ డీఎన్ఎస్ సెట్టింగుల్లో టీఎక్స్‌టీ రికార్డు (చిన్న టెక్స్ట్ లైను) ఒకటి చేర్చి, బ్లూస్కై సెట్టింగుల్లో హ్యాండిల్ మార్చండి, చాలు. డొమైన్ రెన్యూ చేయడం మర్చిపోయినా హ్యాండిల్ చెల్లదని చూపిస్తుందే తప్ప ఫాలోవర్లు ఎక్కడికీ పోరు. మాస్టడాన్‌కీ ఇలాగే ఉంటుందనుకునే చాలామంది నా దగ్గరికొస్తారు, అప్పటికే పాత సర్వర్ ఆగిపోయి ఉంటుంది.