కిడ్నీలో గడ్డ: కోయకముందే తేల్చడం ఎందుకింత కష్టం?

గ్యాస్ నొప్పేమోనని అమలాపురంలోనో భీమవరంలోనో కడుపు స్కాన్ తీయిస్తే, రిపోర్టులో ఎక్కడో కింద 'కుడి కిడ్నీలో 3 సెం.మీ. గడ్డ' అని ఉంటుంది. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. కాకినాడ వెళ్లాలా, హైదరాబాదేనా అని బంధువుల ఫోన్లు. అది క్యాన్సరా కాదా అన్నది మాత్రం ఆ కాగితం చెప్పదు.

పూర్వం ఈ ప్రశ్న ఇంత ముందుగా వచ్చేది కాదు. మూత్రంలో రక్తం పడి, డొక్కలో గడ్డ చేతికి తగిలేనాటికి చాలావరకు జబ్బు ముదిరిపోయి ఉండేది. మంచిదో చెడ్డదో కోసి తీశాక చూసుకోవడమే. 1938లో అమెరికన్ పాథాలజిస్ట్ బెల్, 3 సెం.మీ. లోపు గడ్డలు ఒళ్లంతా పాకడం అరుదని రాశాడు. జనం దాన్ని మంచి గడ్డకూ చెడ్డ గడ్డకూ మధ్య గీతలా పట్టుకున్నారు. కానీ చిన్న గడ్డలూ ఒక్కోసారి పాకుతాయి.

1971లో లండన్‌లో తొలి రోగికి సీటీ స్కాన్ తీశారు. అసలు మలుపు అదే. సీటీ కొలమానంలో నీరు సున్నా, కొవ్వు మైనస్. గడ్డలో కొవ్వు స్పష్టంగా కనిపిస్తే అది దాదాపుగా యాంజియోమయోలైపోమా, అంటే క్యాన్సర్ కాదు. పెద్దదైతే రక్తస్రావం భయం ఉంటుంది, అది వేరే సంగతి. నీటి తిత్తులను అనుమానాన్ని బట్టి వర్గాలుగా విడదీసే పద్ధతిని రేడియాలజిస్ట్ బోస్నియాక్ 1986లో ఇచ్చాడు.

చిక్కంతా ఆంకోసైటోమా అనే, క్యాన్సర్ కాని గడ్డతోనే. కోసి చూస్తే ముదురు గోధుమ రంగు, చాలాసార్లు మధ్యలో నక్షత్రంలాంటి మచ్చ. మామూలు కిడ్నీ క్యాన్సరేమో పసుపుపచ్చగా ఉంటుంది. ఇది ప్రాణాంతకం కాదని 1976లో క్లీన్, వాలెన్సీ అనే పరిశోధకులు చెప్పాక గానీ డాక్టర్లు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. స్కాన్‌లో మాత్రం రెండూ ఒకేలా కనిపించవచ్చు. పైగా 1985లో వర్ణించిన క్రోమోఫోబ్ క్యాన్సర్ మైక్రోస్కోప్ కింద కూడా దీన్నే పోలి తికమకపెడుతుంది. పెరుగుతోంది కాబట్టి క్యాన్సరే అనుకోవడానికీ లేదు. ఆంకోసైటోమా కూడా పెరుగుతుంది.

అందుకే 4 సెం.మీ. లోపు గడ్డ అని ఆపరేషన్ చేసి తీసినవాటిలో సుమారు అయిదింట ఒకటి క్యాన్సర్ కాదని తర్వాత తేలుతోంది. నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. సూదితో ముక్క తీద్దామంటే 'గుచ్చితే పాకుతుందట' అని మన వాళ్లు వెనకాడతారు. నిజానికి అలా జరగడం చాలా అరుదు. అసలు ఇబ్బంది వేరే ఉంది: ముక్క చూసి కూడా పాథాలజిస్ట్ ఒక్కోసారి 'ఆంకోసైటిక్ గడ్డ' అని మాత్రమే, అంటే ఆంకోసైటోమానో దాన్ని పోలిన క్యాన్సరో తేల్చకుండానే, రాసి ఆగాల్సి వస్తుంది. అప్పుడు గడ్డ సైజు, రోగి వయసు, రెండో కిడ్నీ పనితీరు చూసి, తీసేయాలా లేక విడతలవారీగా స్కాన్లు తీస్తూ కనిపెట్టుకుని ఉండాలా అన్నది యూరాలజిస్ట్, ఇంటివాళ్లు కూర్చుని తేల్చుకుంటారు.